రాగి డయలు వాచీ కోసం కంది దాకా

పటాన్‌చెరు వైపు ఊరికే చూసి రావడానికి ఎవరూ వెళ్ళరు. ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్తారు, స్థలాలు కొనడానికి వెళ్తారు, లారీలో సరుకేసుకుని వెళ్తారు. మా ఏలూరు నుంచి ఈ పనుల మీద వెళ్ళినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. నేను మాత్రం ఒక చేతి గడియారం కోసం వెళ్ళాను. తిరిగొచ్చాక అందరూ “అక్కడ చూడ్డానికి ఏముందండీ” అని అడుగుతున్నారు కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను. ఆ ప్రయాణమంతా కడుపుమంటతోనే సాగింది కనక అదీ దాచకుండా రాస్తున్నాను.

ఆ మంటకి కారణం ప్రసాద్. మా ఊళ్ళో మందుల షాపు నడుపుతాడు. నేను చేపల మేత అమ్ముతాను. చిన్నప్పుడు బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఇద్దరికీ పాత వాచీల పిచ్చి ఉంది. ఆదివారం సాయంత్రాలు అతని షాపు మేడ మీద మాలాంటి వాళ్ళం నలుగురైదుగురం చేరి, ఉన్నవి ఒకరికొకరం చూపించుకుంటాం. చూసి మెచ్చుకుంటాం. ఇంటికెళ్ళి నిద్రపట్టక దొర్లుతాం.

ప్రసాద్ దగ్గర ఒక స్విట్జర్లాండు వాచీ ఉంది. బ్యాటరీ లేదు, కీ ఇస్తే నడుస్తుంది. దానికి కీలు రెండు. రెండో కీ అలారానిది. పెట్టిన టైముకి కీచురాయిలా అరుస్తూ మణికట్టు మీద గజగజా వణుకుతుంది. శబ్దం బయటికి రావడానికి వెనక మూతకి సన్నటి చిల్లులుంటాయి. ఆ కంపెనీ వాళ్ళు ఇలాంటివి చేయడం ఎప్పుడో మానేశారు. అతనిది నీలం డయలు. నీలంవి అక్కడక్కడ దొరుకుతాయి. రాగి రంగు డయలు మీద ఎర్రటి అలారం ముల్లు ఉన్నవి మాత్రం బహు తక్కువ. మాలో ఎవరూ ఫొటోలో తప్ప చూడలేదు. ప్రసాద్ చేతికి నీలంది ఉన్నంతకాలం నాకు రాగిదైతే తప్ప మనశ్శాంతి లేదని నాకు నేనే తీర్మానం చేసుకున్నాను.

మా పెద్దమ్మ కొడుకు వాసు అన్నయ్య పటేల్‌గూడలో ఉంటాడు. అక్కడి పెద్ద కర్మాగారంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఒకసారి ఫోన్లో మాటల మధ్య, పటాన్‌చెరు ఆసుపత్రి లైనులో ఒక ముసలాయన చేతి వాచీ కీచురాయిలా అరిచిందనీ, డయలు రాగి చెంబులా మెరిసిందనీ చెప్పాడు. ఆ మాట విని నేను కుదురుగా కూర్చోలేకపోయాను. అప్పుడు చేయకూడని పని చేశాను. ఆ ఉత్సాహంలో సంగతంతా ప్రసాద్‌కి చెప్పేశాను. చెరువులకి మేత వేసే రోజులు కావడంతో వెంటనే కదల్లేకపోయాను. తీరిక దొరికి బయలుదేరేసరికి మూడు నెలలు దాటిపోయింది.

ముత్తంగి

తెల్లవారాక ముత్తంగి దగ్గర దిగాను. రింగురోడ్డు మలుపులో ఎటు చూసినా లారీలే. వాటి వెనక పొడుగాటి గోడౌన్లు. మా వైపు తెల్లారిందంటే కాఫీ వాసన, ఇక్కడ డీజిలు వాసన. బండి దగ్గర ఇడ్లీ తిన్నాను, ప్లేటు నలభై రూపాయలు. పల్లీ చట్నీ ఒక్కటే, అల్లం పచ్చడి అడిగితే బండి ఆయన నా వైపు చూసి “ఆంధ్రానా సారు” అన్నాడు. కాఫీ లేదు. చిన్న గ్లాసులో చాయ్ ఇచ్చాడు. నేను మూడు గుటకల్లో తాగేసి ఇంకా ఉందేమోనని గ్లాసులోకి చూసుకున్నాను.

పక్కన నిలబడి ఒడిశా కుర్రవాడు ఒకడు తింటున్నాడు. పేరు బికాష్. మందుల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి వచ్చాడు. నా చేతి వాచీని చూసి బాగుందన్నాడు. నీకు లేదా అని అడిగాను.

“ఉంది అన్నా, రూంల పెట్టిన. లోపలికి వాచ్ నై పోనిస్తరు. ఉంగరం భీ నై.”

“మరి టైమెలా తెలుస్తుంది?”

“సూపర్‌వైజర్ ఒర్రుతడు కదా,” అని, అరిచినట్టు నోరు తెరిచి చూపించి నవ్వాడు.

అతను గది వైపు నడిచిపోతుంటే చూస్తూ ఉండిపోయాను. వాచీ లేకుండా రాత్రంతా పనిచేసి, ఇప్పుడు వెళ్ళి హాయిగా నిద్రపోతాడు. నాకు ఇంట్లో పన్నెండు వాచీలున్నాయి, పదమూడోదాని కోసం రాత్రంతా బస్సులో కళ్ళు తెరుచుకుని కూర్చున్నాను. అతని మీద కూడా కాస్త అసూయ కలిగింది.

పటేల్‌గూడ వెళ్ళాలని ఆటో ఎక్కాను. నా తెల్లచొక్కా, చంకలో తోలు సంచీ చూసి ఆటో అతను తనకు తోచింది తాను అనుకున్నాడు. సగం దారిలో మలుపు తిప్పి, రంగు జెండాలు కట్టిన ఖాళీ పొలం ముందు ఆపాడు. అక్కడ ఒక గది, గదిలో ఏసీ, ఏసీ కింద ఒక అమ్మాయి. చల్లటి మజ్జిగ ఇచ్చి, “తూర్పు ఫేసింగా సార్, పడమరనా” అని అడిగింది. నేను స్థలానికి రాలేదని చెప్పడానికి చాలాసేపు పట్టింది. మజ్జిగ మాత్రం తాగాను. బయటికొచ్చి ఆటో అతన్ని అడిగితే, “మీ దిక్కు నుంచి వచ్చెటోళ్ళు అందరు గిందుకే వస్తరు సార్” అన్నాడు. అతని తప్పు కూడా ఏమీ కనపడలేదు.

పటేల్‌గూడ

వాసు అన్నయ్య వాళ్ళ వీధిలో నడుస్తుంటే మా జిల్లాలోనే ఉన్నట్టుంటుంది. గేట్ల మీద మన వైపు ఇంటిపేర్లు, ప్రహరీ పక్కన కరివేపాకు, మునగ చెట్టు. ముప్ఫై నలభై ఏళ్ళ కింద ఉద్యోగాలకొచ్చి స్థిరపడ్డవాళ్ళు. మాట మాత్రం మారింది. శారద వదిన గుమ్మంలో నన్ను చూసి “రండి మరిదిగారూ” అని పిలిచి, లోపలికి తిరిగి పనిమనిషితో “జెర నీళ్ళు తే అమ్మా, మస్తు ఎండల వచ్చిండు” అంది. రెండూ ఒకే నోటితో, ఎక్కడా తడుముకోకుండా.

నేను సంచీలోంచి పూతరేకుల పెట్టె తీసి ఇచ్చాను. ఆవిడ అందుకుని, అలమర మీద పెట్టబోయి అంది. “మొన్న మీ స్నేహితుడు తెచ్చినవే ఇంకా ఉన్నాయండీ.”

“ఏ స్నేహితుడు?”

“ప్రసాద్ గారు. ఎంత మర్యాదస్తుడండీ. తిన్న పళ్ళెం కూడా తనే తీసుకెళ్ళి పెట్టారు.”

అలమర మీద చూశాను. అదే కొట్టు పెట్టె. నేను తెచ్చినదానికంటే పెద్దది.

వాసు అన్నయ్య పడకకుర్చీలోంచి, “నువ్వే పంపావని చెప్పాడురా. ఆ ముసలాయన్ని ఎక్కడ చూశానో అడిగాడు, చెప్పాను. రెండు రోజులు ఇక్కణ్ణించే తిరిగాడు” అన్నాడు.

ఒళ్ళంతా కారం రాసినట్టయింది. దారి చెప్పింది నేను, అన్నయ్య నావాడు, పేరు కూడా నాదే వాడుకున్నాడు. ఊళ్ళో ఇన్ని ఆదివారాలు ఎదురెదురుగా కూర్చుని ఒక్క ముక్క చెప్పలేదు.

“దొరికిందా మరి?”

“అదేం చెప్పలేదు. వెళ్ళేటప్పుడు కాస్త దిగులుగా ఉన్నాడు. అన్నట్టు, వచ్చినప్పుడు చేతికి నీలం వాచీ ఒకటి ఉండేది, వెళ్ళేటప్పుడు లేదు.”

నాకు వెంటనే అర్థమైపోయిందనుకున్నాను. నీలంది ఇచ్చి రాగిది పుచ్చుకున్నాడు. దిగులు నటన. రాగిది బీరువాలో దాచి, మమ్మల్నందర్నీ ఒకేసారి ఏడిపించడానికి మంచి రోజు చూస్తున్నాడు. ఆ పూట వదిన గుత్తివంకాయ చేసింది. నేను ఏం తిన్నానో నాకు తెలియదు. తిన్న పళ్ళెం మాత్రం తీసుకెళ్ళి పెట్టాను.

పటాన్‌చెరు

మర్నాడు పొద్దున్నే పటాన్‌చెరు వెళ్ళాను. ఫ్యాక్టరీల వైపు గాలి తిరిగినప్పుడు ఏదో వాసన వస్తుంది, ఉడికీ ఉడకని మందులా. నేను ముక్కు మూసుకుంటే పక్కనున్నాయన “ఇయ్యాల తక్కువే” అన్నాడు.

ఆసుపత్రి ఎదురుగా చాయ్ హోటల్లో పెద్దవాళ్ళు కొందరు కూర్చుని భయంకరంగా అరుచుకుంటున్నారు. కొట్టుకుంటారేమోనని దూరంగా నిలబడ్డాను. తీరా వింటే, ఒకాయన మనవరాలి పెళ్ళికి ఏ కూరలు చేయించారో చెబుతున్నాడు. వాళ్ళంతా ఇనుమును కొట్టి అచ్చుపోసే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాళ్ళు. అక్కడి పెద్ద యంత్రపు సుత్తి చప్పుడు మధ్య ఏళ్ళ తరబడి ఉండి చెవులు మందగించాయి. గట్టిగా మాట్లాడటం అలవాటైపోయింది. వాళ్ళలో మల్లేశం అనే ఆయన నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. నేను వాచీ సంగతి చెప్పగానే బల్ల మీద చరిచాడు.

“మా యాదయ్య గడియారం అది. మీ ఊరాయన ఒకాయన గూడ దానికే అచ్చి పోయిండు. మంచోడు. మా అందరికి చాయ్ తాపిచ్చిండు.”

నేను హోటలాయన్ని పిలిచి అందరికీ చాయ్, దాంతో పాటు మిర్చి బజ్జీ కూడా చెప్పాను.

మల్లేశం బజ్జీ తింటూ చెప్పాడు. అలాంటిదే ఇంకో సుత్తిని బిగించడానికి ఫ్యాక్టరీకి ఒక విదేశీ ఇంజనీరు వచ్చి ఏడాది పాటు ఉన్నాడట. యాదయ్య ఆయనకి సహాయకుడు. అప్పటికే యాదయ్యకి చెవుడు మొదలైంది. షిఫ్టు సైరన్ వినపడక ఆలస్యమై, ఉద్యోగం పోయేలా ఉంది. ఇంజనీరు వెళ్ళిపోయే ముందు తన చేతి గడియారం విప్పి యాదయ్య చేతికి కట్టాడు.

“ఇనవడకున్నా ఇది గుంజి లేపుతది అన్నడంట ఆ దొర. అప్పటిసంది ఒక్కనాడు ఆలస్యం కాలె.”

“ఆ వాచీ ఇప్పుడు ఎవరి దగ్గరుంది?” నాకు కావలసింది అదొక్కటే.

“యాదయ్య దగ్గర్నే ఉండాలె. కంది ఊర్ల ఉంటడు. నడుమ ఖరాబైతే సంగారెడ్డిల ఖాదర్ భాయ్‌కి ఇచ్చిండ్రు. మీ దోస్తే తీస్కపోయి ఇచ్చిండు. గాయిన్ని అడుగు, తెలుస్తది.”

మధ్యాహ్నం నన్ను కదలనివ్వలేదు. పక్క సందులోనే ఇల్లు. మావైపు ముందుగా పిలవకుండా భోజనానికి కూర్చోబెడితే ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారోనని మొహమాటపడతాం. ఇక్కడ ఆయన గుమ్మం బయటి నుంచే “ఇంకో రెండు రొట్టెలు చెయ్” అని కేకేశాడు, లోపల్నుంచి “ఆఁ” అని జవాబొచ్చింది, అంతే. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు. పుంటికూర అంటే మన గోంగూరే. మనం నూనెలో వేయించి పచ్చడి చేసి నెలలు నిలవ పెడతాం, వీళ్ళు పప్పులో వేసి ఆ పూటకే తినేస్తారు. రెండో రొట్టె తుంచుతుంటే మల్లేశం భార్య అంది, “మీ దోస్తు మూడు తిన్నడు.” నేను నాలుగు తిన్నాను. సాయంత్రం దాకా ఆయాసపడ్డాను.

సంగారెడ్డి

ఖాదర్ భాయ్ దుకాణం సంగారెడ్డి బజారులో చెప్పుల కొట్టుకీ పూల బండికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. లోపల ఒక మనిషి కూర్చుంటాడు, రెండో మనిషి రోడ్డు మీద నిలబడాలి. ఆయన పనికంటే మాటలెక్కువ మనిషి. మొదట తన మోకాలి నొప్పి, తరవాత పూల బండి అతని పోకడలు, ఆ తరవాత నేను ఎవరో అడిగాడు. ఏలూరు అనగానే లేచి నా చెయ్యి పట్టుకున్నాడు.

“పెసాద్ సాబ్ దోస్తా మీరు? ముందు చెప్పరేంది. కూసోండి, కూసోండి.”

కూర్చోవడానికి చోటు లేదు. తన స్టూలు నాకిచ్చి ఆయన నిలబడ్డాడు. చాయ్, ఉప్పు బిస్కెట్లు తెప్పించాడు. ప్రసాద్ పేరు మీద నాకు దొరికిన ఆ మర్యాదకి బిస్కెట్టు మింగుడు పడలేదు.

“ఆ రాగి వాచీ అతను కొనుక్కున్నాడా?” సూటిగా అడిగాను.

“కొనుడు యాడిది సాబ్. గా ముసలాయన అమ్మలే. అలారం స్ప్రింగ్ ఇరిగింది దాంట్ల, మోగుతలేదు. మీ దోస్తు పట్టుకొచ్చి బనాయించు అన్నడు. గా స్ప్రింగ్ దొరకదు సాబ్. హైదరాబాద్‌ల దోస్తులకు ఫోన్ చేసిన, బంబయికి చేసిన. లేదు. ఉన్న మాట చెప్పిన, నాతోని కాదని.”

ఆయన చాయ్ ఊదుకున్నాడు.

“మీ దోస్తు గీడనే నిలబడ్డడు. శానాసేపు నిలబడ్డడు. ఇగ చేతి గడియారం ఇప్పిండు, నీలంది, అదే కంపెనీ. టేబుల్ మీద పెట్టి, గీ దాంట్లకెళ్ళి తీసి గా దాంట్ల ఎయ్యి భాయ్ అన్నడు. సాబ్, ఇది మోగదు మళ్ళ అన్న. తెలుసు అన్నడు. నలభై ఏండ్ల సంది గీ పని జేస్తున్న, గట్ల అన్నోన్ని సూడలే.”

నీలం వాచీ చేతికి లేకుండా ప్రసాద్ దిగులుగా తిరిగి వెళ్ళడం ఇప్పుడు అర్థమైంది. దాన్ని తరవాత కొరియర్లో పంపానని ఖాదర్ భాయ్ చెప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ మధ్య ఒక ఆదివారం షాపు మేడ మీద ఎవరో ‘ఒకసారి మోగించవోయ్’ అంటే ప్రసాద్ ‘ఇంకోసారి’ అన్నాడు. గర్వం పెరిగిందనుకుని నేను వారం రోజులు అతనితో సరిగా మాట్లాడలేదు.

ఇది విని మంచివాడైతే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. నాకు మంట ఇంకా పెరిగింది. వాచీ కొనుక్కుని ఉంటే అతన్ని దొంగ అని తిట్టుకుని తేలిగ్గా ఉండేవాణ్ణి. ఇప్పుడు తిట్టుకోవడానికి కూడా దారి లేకుండా చేశాడు. నీలం వాచీ అయితే డబ్బు కూడబెట్టి నేనూ కొనవచ్చు. ఖాదర్ భాయ్ స్టూలిచ్చి నిలబడే మర్యాద ఎక్కడ కొనాలి?

కంది

అయినా కంది వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఇంత దూరం వచ్చి చూడకుండా పోతానా. ప్రసాద్‌కి ఇవ్వనిది నాకు ఇస్తాడేమోనన్న ఆశ కూడా లోపల ఎక్కడో ఉంది.

హైవే పక్కన పెద్ద చదువుల క్యాంపస్ గోడ పొడుగునా సాగుతుంది. గోడకి అటు ఎత్తయిన అద్దాల మేడలు, ఇటు పత్తి చేలు. ముందురోజు వాన పడ్డట్టుంది, చేల మధ్య బాటలో నల్లరేగడి బురద. పది అడుగులు వేశానో లేదో ఎడమ కాలి బూటు బురదలోనే ఉండిపోయింది, కాలు బయటికి వచ్చింది. బూటు లాక్కుని చేత్తో పట్టుకునే యాదయ్య ఇల్లు చేరాను. రేకుల షెడ్డు కింద రెండు గేదెలు, పక్కన నులక మంచం. మంచం మీద సన్నటి పొడుగాటి మనిషి. నేను ఏదీ చెప్పకముందే ఊరంతా వినపడేలా అన్నాడు.

“భూమి అమ్మం సారు. అచ్చిన తొవ్వనే పో.”

లోపల్నుంచి ఆయన భార్య సత్తెమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది. నేను సంగతి చెప్పాక ఆయన భుజం తట్టి, తన మణికట్టు మీద వేలితో గుండ్రంగా చూపించింది. ఆయన ముఖం విప్పారింది.

“పెసాద్ సారు దోస్తువా. ముందుగాల కాళ్ళు కడుక్కో.”

కాళ్ళు కడుక్కుని వచ్చి మంచం మీద కూర్చుంటే ఎదురుగా కనపడింది. ఆయన ఎడమ చేతికి, నల్లటి తాడులాంటి పట్టీతో. రాగి డయలు. మధ్యలో ఎండకి వెలిసి కాస్త గోధుమరంగు తిరిగింది. ఎర్ర ముల్లు. రెండు కీలు. ఫొటోల్లో చూసిన వాటన్నిటికంటే బాగుంది.

ఆయన చెప్పుకొచ్చాడు. తెల్లారకముందే పాలబండి వస్తుంది. హారన్ కొడితే కంది అంతా లేస్తుంది, ఆయన తప్ప. వాచీ వణికితే లేచి పాలు పిండుతాడు.

“స్ప్రింగ్ ఇరిగినంక ఈమెనే లేపాల్సొచ్చె. మోకాళ్ళు సూడు ఎట్లున్నయో. లోపలికెళ్ళి గీడికి నడిసి రావాలె. రెండు మూడు మాట్ల బండి పోయింది, పాలు ఉట్టిగ పోయినయి. పెసాద్ సారు పుణ్యాన మళ్ళ లేస్తున్న.”

సత్తెమ్మ గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి ఇస్తూ, “నా మోకాళ్ళ కష్టం తీసిండు బిడ్డా, సల్లగుండాలె” అంది. ఆ దీవెన నా ముందే ఇచ్చింది, నాకు కాదు.

ఇక ఆగలేకపోయాను. సెల్‌ఫోన్ తీసి, నేను ఇవ్వగలిగినదంతా అంకెల్లో కొట్టి ఆయన ముందు పెట్టాను. అంత పెద్ద అంకె నేను ఏ వాచీకీ కొట్టలేదు. ఆయన చూసి, అరచేత్తో ఫోన్ని మూసేశాడు. కోపం ఏమీ లేదు.

“నీ దోస్తు చెప్పిండు, గిది అమ్మితే కారొస్తదట. కారు నన్ను లేపుతదా?”

నా ముఖం ఎలా పెట్టానో నాకు తెలియదు. ఆయన కాసేపు దానివైపే చూశాడు. తరవాత పట్టీ విప్పి, నా చెయ్యి లాగి, నా వాచీ తీసి మంచం మీద పెట్టి, తనది కట్టాడు. రెండో కీ తిప్పాడు. ఎర్ర ముల్లు జరిపి కాసేపట్లో మోగేలా పెట్టాడు.

“ఆగు,” అన్నాడు.

ముగ్గురం ఎదురుచూస్తూ కూర్చున్నాం. గేదె తోకతో ఈగలు తోలుకుంటోంది. క్యాంపస్ గోడ అవతల ఎవరో పిల్లలు బంతాడుతున్నారు. అప్పుడు మోగింది. మొదట చేతికి తెలిసింది, తరవాత చెవికి. ఏదో చిన్న ప్రాణి చర్మం కింద రెక్కలు కొట్టుకున్నట్టు మణికట్టు నుంచి మోచేతి దాకా పాకింది. యాదయ్య వాచీని చూడలేదు, నా ముఖాన్నే చూశాడు.

“తెలిసిందా?”

తెలిసిందని తలూపాను. మోగడం ఆగిపోయాక కూడా నేను చెయ్యి కదపలేదు. ఆయన తన చెయ్యి చాపి, తొందర పెట్టకుండా, నేను విప్పేదాకా అలాగే ఉంచాడు.

బూటు చేత్తో పట్టుకుని బాట సగం వచ్చానో లేదో వెనక నుంచి యాదయ్య కొడుకు నర్సింలు వచ్చి కలిశాడు. క్యాంపస్‌లో తోటపని చేస్తాడు, ఇందాక షెడ్డు వెనక నుంచి అంతా చూశాడట. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“సార్, గా ఫోన్ల కొట్టింది నిజంగ ఇస్తరా? నాయిన తానం జేసెటప్పుడు ఇప్పి గూట్ల పెడతడు. రేపు పొద్దుగాల తెచ్చిస్త. ట్రాలీ ఆటో కొనుక్కుంట. నాయినకు వైబ్రేషన్ ఫోన్ ఇప్పిస్త, దానికేంది.”

నేను నిలబడిపోయాను. వాచీ నా చేతికి ఎలా కూర్చుందో ఇంకా చర్మానికి గుర్తుంది. సరేనంటే రేపటికి నాది. మేడ మీద ప్రసాద్ ముఖం ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను. అక్కడే ఆగిపోయాను. ఆ ఇంట్లో ప్రసాద్ పేరు దేవుడి పేరులా పలుకుతున్నారు. బాగుచేసి ఇచ్చినవాడు అతను, పట్టుకుపోయినవాడు నేను అని సత్తెమ్మ బతికున్నంత కాలం పాలబండి వాడికీ వీధివాళ్ళకీ చెబుతుంది. ఆ పోలికని నేను భరించలేను. ధర్మం గురించి అప్పుడు నాకేమీ గుర్తు రాలేదు. ప్రసాద్ కంటే తక్కువవాణ్ణి అనిపించుకోవడం ఇష్టం లేక వద్దన్నాను.

“మీ నాన్నకి తెలియకుండా నాకొద్దు తమ్ముడూ. ఆ పని చెయ్యకు.”

నర్సింలు తల గోక్కున్నాడు. “మీ దోస్తు గూడ గిదే మాట అన్నడు.”

హైవే మీద

బస్సు కోసం రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాను. అన్నిట్లోనూ అతనే ముందు. పూతరేకుల్లో, చాయ్‌లో, ఆఖరికి వద్దనడంలో కూడా. ఇక పట్టలేక ప్రసాద్‌కి ఫోన్ చేశాను. ఎక్కడున్నావంటే కంది అన్నాను.

“తీసుకున్నావా?” వెంటనే అడిగాడు.

“లేదు. ఇవ్వలేదు.”

అతను గట్టిగా ఊపిరి వదలడం వినపడింది.

“నాకెందుకు చెప్పలేదురా?” అన్నాను. “నీకు దారి చెప్పింది నేను.”

“చెబితే వెళ్తావు. నీకు చెరువుల వాళ్ళతో బేరాలాడే నోరుంది. నీకిచ్చేస్తాడేమోనని భయమేసింది. నాకు దక్కనిది నీ చేతికుంటే నేను చూడలేనురా.”

రోడ్డు పక్కన మైలురాయి మీద కూర్చున్నాను. ఈ ఏడుపు నేనొక్కణ్ణే ఏడుస్తున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ.

“స్ప్రింగు సంగతి ఖాదర్ భాయ్ చెప్పాడు,” అన్నాను.

“అది నువ్వనుకున్నంత గొప్ప ఏం కాదు. వదలకుండా అడిగానురా ఆ ముసలాయన్ని. కాళ్ళావేళ్ళా పడ్డాను. చివరికి ఆవిడ లేవలేక లేచి వచ్చి నాకు దణ్ణం పెట్టింది, వదిలెయ్యి బాబూ అని. ఆ తరవాత ఊరికే వచ్చెయ్యడానికి మొహం చెల్లలేదు.” మళ్ళీ తనే అడిగాడు. “సరిగ్గా మోగుతోందా?”

“నువ్వు వినలేదా?”

“లేదు. అది తయారయ్యేసరికి నేను ఊరికొచ్చేశాను. మోగుతోందని ఫోన్లో చెప్పారు, అంతే.”

“ఆయన నా చేతికి కట్టి మోగించాడు,” అన్నాను.

“నీ చేతికా?”

“నా చేతికే.”

“నాకు చేతిలో పెట్టి చూడనిచ్చాడు గానీ చేతికి కట్టలేదురా,” అన్నాడు. ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు. ఎన్నో ఆదివారాలు నేను మింగినదే.

“ఎలా ఉంది, చెప్పు,” అని అతనే అడిగాడు.

హైదరాబాదు వెళ్ళే బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. కండక్టరు తల బయటపెట్టి ఎక్కమన్నాడు. నేను వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపి, ఫోను రెండో చెవికి మార్చుకుని, మొదట్నుంచీ నిదానంగా చెప్పడం మొదలుపెట్టాను.